ఆపరేషన్‌కు ముందు రోగి బెంగ తీర్చేదెవరు?

వికారాబాద్ - తాండూరు: ఆపరేషన్ థియేటర్లు జిల్లా ప్రజలకు దగ్గరయ్యాయి. కాని ఆపరేషన్ అంటే ఏమిటో, మత్తు ఎలా ఇస్తారో, ఎన్నాళ్లకు లేచి పనికి పోవచ్చునో రోగికి నాలుగు ముక్కల్లో చెప్పే ఏర్పాటు మాత్రం ఇంకా దగ్గర కాలేదు. ఈ లోటు వల్ల రోగులు అనవసరంగా బెంగపడటమే గాక, ఒక్కొక్కప్పుడు ప్రాణాల మీదకు తెచ్చుకొనే పరిస్థితి ఏర్పడుతున్నది.

తెల్లవారితే ఆపరేషన్ అనగా ఆస్పత్రి వరండాలో వినిపించే మాటలు ఎక్కడైనా ఒక్కటే. "సూదేస్తే మళ్ల లేస్తనా?", "ఎంత మేర కోస్తరు?", "నడుంల సూదేస్తే జన్మమంత నడుం నొప్పేనట గద?", "కూలికి ఎన్నొద్దులకు పోవచ్చు?" - ఈ ప్రశ్నలు డాక్టరును అడిగేవారు తక్కువ. పక్క మంచం మీది రోగిని అడుగుతారు. వార్డు ఆయాను అడుగుతారు. గేటు ముందు టీ కొట్టులో అడుగుతారు. జవాబు కూడా అక్కడి నుంచే వస్తుంది. ఆ జవాబు తప్పయినా సరే, రోగి దానినే పట్టుకొని థియేటరులోకి పోతాడు.

ఇవి కొట్టివేయదగిన ప్రశ్నలు కావు. తాండూరు నాపరాతి గనుల్లో బండలు మోసే కార్మికుడికి హెర్నియా ఆపరేషన్ జరిగితే సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల పాటు బరువులు ఎత్తరాదని డాక్టర్లు చెబుతారు. ఆ మాట ముందుగా చెబితే అతడు చేతిలో పైసలు చూసుకొని, కందిపంట కోతలు అయిపోయాక వస్తానని రోజు మార్చుకొంటాడు. చెప్పకపోతే కుట్లు విప్పిన మరునాడే బండ ఎత్తుతాడు. హెర్నియా మళ్లీ దిగుతుంది. తప్పు ఎవరిదని అడిగితే 'రోగి మాట వినలేదు' అంటారు. మాట చెప్పిందెవరన్నదే ప్రశ్న.

దగ్గరికి వచ్చిన వైద్యం

ఒకప్పుడు ఈ ప్రాంతం వారికి ఆపరేషన్ అంటే రైలెక్కి హైదరాబాద్ ఉస్మానియాకో, గాంధీకో పోవడమే. సరిహద్దు మండలాల వారు ఇప్పటికీ కలబురగి వైపు వెళుతుంటారు. నిజాం కాలం నాటి అనంతగిరి క్షయ ఆస్పత్రి పేరు దూరప్రాంతాలకు తెలిసినా, పొట్ట కోసే చికిత్సకు మాత్రం పట్నమే దిక్కుగా ఉండేది.

2016 అక్టోబరులో వికారాబాద్ కొత్త జిల్లా అయింది. 2023 సెప్టెంబరులో వికారాబాద్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. తాండూరులో జిల్లా ఆస్పత్రి ఉంది. ఆరోగ్యశ్రీ పథకం ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలై, పేదవాడు ఆపరేషన్ కోసం పొలం అమ్ముకొనే అవసరాన్ని చాలా వరకు తప్పించింది. ఈ పథకం కింద కుటుంబానికి ఏడాదికి ఇచ్చే పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు.

డబ్బు సంగతి కొంత తేలింది. దూరం సంగతి కొంత తేలింది. మిగిలింది మాట సంగతి. దీనికి నిధులు అక్కరలేదు. కొత్త భవనం అక్కరలేదు.

మత్తు అంటేనే భయం

ఆపరేషన్ రోగి భయాల్లో మొదటిది కత్తి కాదు, మత్తు. ఈ భయాన్ని పల్లెటూరి వారి అజ్ఞానంగా తీసివేయడానికి వీలు లేదు. నూట ముప్పై ఏళ్ల కిందట డాక్టర్లే దీని మీద తగవులాడుకొన్నారు. అదీ ఎక్కడో కాదు, హైదరాబాద్‌లోనే. క్లోరోఫాం మత్తు వల్ల మనిషి చనిపోయేది ఊపిరి ఆగిపోవడం వల్లనా, గుండె ఆగిపోవడం వల్లనా అని తేల్చడానికి 1888, 1889 సంవత్సరాల్లో హైదరాబాద్‌లో రెండు కమిషన్లు కూర్చున్నాయి. వాటిని నడిపించిన వారు రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ సొమ్ము ఇచ్చారు. లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే వైద్యుడు స్వయంగా వచ్చారు. ప్రపంచంలో మత్తు వైద్యం నేర్చిన తొలి మహిళల్లో ఒకరైన రూపాబాయి ఫర్దూన్జీ ఆ కాలంలో ఇక్కడే చదువుకొన్నారు. ఊపిరిని గమనిస్తే చాలు, గుండెకు భయం లేదని కమిషన్ చెప్పింది. కాని క్లోరోఫాం గుండెను సైతం ఆపగలదని తరువాతి పరిశోధనల్లో తేలింది.

క్లోరోఫాం కాలం ఎన్నడో పోయింది. ఇప్పుడు గుండె కొట్టుకోవడాన్ని, రక్తంలో ప్రాణవాయువును క్షణక్షణం చూపే యంత్రాలు వచ్చాయి. మత్తు మునుపటి కంటే ఎంతో క్షేమం. కాని ఈ సంగతి తెలియజేసేవారు లేనప్పుడు రోగి మనసులో ఇంకా క్లోరోఫాం కాలమే నడుస్తుంటుంది.

కంటి పొర ఆపరేషన్‌కు వచ్చిన ముసలమ్మ తనను పూర్తిగా నిద్రపుచ్చుతారని భయపడుతుంది. నిజానికి చాలా మందికి కంట్లో చుక్కల మందు వేసో, కంటి పక్కన సూది ఇచ్చో చేస్తారు. మనిషి మెలకువగానే ఉంటుంది. చాలా వరకు అరగంట లోపే అయిపోతుంది. నడుములో సూది వల్ల జన్మమంతా నొప్పి ఉంటుందన్న మాటా అలాంటిదే. కొద్దిమందికి కొన్నాళ్ల పాటు తలనొప్పి రావచ్చు. సూది గుచ్చిన చోట రెండు మూడు రోజులు నొప్పి ఉండవచ్చు. ఏళ్ల తరబడి ఉండే నడుము నొప్పికి ఆ సూది కారణమని పరిశోధనల్లో రుజువు కాలేదు. ఇంతపాటి మాట ముందురోజు సాయంత్రం చెబితే ఆ రాత్రి రోగి కన్ను మూస్తాడు.

దాచిన మాట - తెచ్చే ముప్పు

భయపడిన రోగి ప్రశ్నలు అడగడు. అంతకు మించిన ప్రమాదం, నిజాలు చెప్పడు. ఆపరేషన్‌కు ముందు గట్టి ఆహారం కనీసం ఆరు గంటల పాటు తినరాదంటారు. ఎందుకో చెప్పరు. మత్తులో ఉన్నప్పుడు కడుపులోని అన్నం పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయమని చెబితే ఎవరూ తినరు. కారణం చెప్పకుండా 'తినొద్దు' అంటే, నీరసపడతాడని ఇంటివారే చాటుగా రెండు ఇడ్లీలు పెడతారు. తిన్నావా అని థియేటరులో అడిగితే, తిడతారేమోనన్న భయంతో లేదంటాడు.

కల్లు సంగతి మన ప్రాంతానికి మరీ ముఖ్యం. 2021 జనవరిలో వికారాబాద్, నవాబుపేట ప్రాంత గ్రామాల్లో కల్లు తాగి వందమందికి పైగా అస్వస్థులైన సంఘటన చాలా మందికి గుర్తుండే ఉంటుంది. కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డయాజిపాం వంటి మత్తు మందులు కలుపుతున్నట్లు తెలంగాణలో పలుమార్లు బయటపడింది. ఏళ్ల తరబడి అలాంటి కల్లుకు అలవాటు పడినవాడు ఆస్పత్రిలో చేరి ఒక్కసారిగా మానివేస్తే వణుకు, ఫిట్స్, మతి చలించడం రావచ్చు. మత్తు మందు మోతాదు లెక్కలు కూడా తప్పుతాయి. కాబట్టి కల్లు, సారా, బీడీ, గుట్కా అలవాట్లను మత్తు డాక్టరుకు దాచకుండా చెప్పాలి. గనుల్లో, పాలిషింగ్ యూనిట్లలో దుమ్ము పీల్చి ఆయాసపడేవారు, లోగడ క్షయకు మందులు వాడినవారు ఆ సంగతి కూడా చెప్పాలి. అడిగే తీరులో అడిగితే చెబుతారు. గద్దించి అడిగితే దాస్తారు.

ముందు చెబితే నొప్పి తగ్గింది

రోగికి ముందుగా చెప్పడం దయాదాక్షిణ్యాల సంగతి మాత్రమే కాదు. అది వైద్యంలో ఒక భాగమని అరవై ఏళ్ల కిందటే రుజువైంది. 1964లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఎగ్బర్ట్ అనే మత్తు డాక్టరు, ఆయన సహచరులు పొట్ట ఆపరేషన్ అవసరమైన 97 మంది రోగులను రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు ముందురోజు రాత్రే కూర్చుని చెప్పారు: మెలకువ వచ్చాక నొప్పి ఉంటుంది, ఫలానా చోట ఉంటుంది, ఇన్నాళ్లుంటుంది, పక్కకు ఇలా తిరగాలి, ఊపిరి ఇలా తీయాలి అని. రెండో జట్టుకు నొప్పి మాట ఎత్తలేదు. మాట చెప్పిన జట్టు వారికి నొప్పి తగ్గించే మత్తుమందు దాదాపు సగమే అవసరమైంది. వారు రెండున్నర రోజులకు పైగా ముందే ఇంటికి పోయారు. ఎవరు ఏ జట్టో ఆపరేషన్ చేసిన డాక్టర్లకు తెలియదు. మాటకు ఇంత బలం ఉంది.

ఆరు ప్రశ్నల కొలబద్ద

ఎవరికెంత భయముందో, ఎవరికెంత తెలుసుకోవాలని ఉందో కనిపెట్టడం ఎలా? దీనికి 1996లో హాలండ్ దేశపు ఆంస్టర్‌డాం నగరంలో వైద్యులు ఆరు ప్రశ్నలతో ఒక కొలబద్ద తయారు చేశారు. అది చాలా దేశాల్లో వాడుకలో ఉంది. ఆ ఆరు మాటల సారాంశం ఇది: మత్తు గురించి బెంగగా ఉందా? మత్తు సంగతే అస్తమానం మనసులో మెదులుతోందా? మత్తు గురించి వీలైనంత తెలుసుకోవాలని ఉందా? ఇవే మూడు మాటలు మళ్లీ ఆపరేషన్ గురించి.

ఒక్కొక్క ప్రశ్నకు ఒకటి నుంచి ఐదు మార్కులు. బెంగకు సంబంధించిన నాలుగు ప్రశ్నలకు కలిపి 11 గాని అంతకు మించి గాని వస్తే ఆ రోగిని ప్రత్యేకంగా చూసుకోవాలి. తెలుసుకోవాలన్న కోరికకు సంబంధించిన రెండు ప్రశ్నలకు 8 నుంచి 10 దాకా వస్తే వివరంగా చెప్పాలి. నాలుగు లోపు వస్తే అతడికి ఎక్కువ వివరాలు అక్కరలేదన్న మాట. అందరికీ అన్నీ చెప్పాలన్న నియమం కూడా మంచిది కాదు. కొందరు 'మీరే చూసుకోండి సారూ' అంటారు. వారికి పేగుల బొమ్మ గీసి చూపితే ఉన్న ధైర్యం కాస్తా పోతుంది.

ఆంస్టర్‌డాంలో 320 మందిని అడిగితే సుమారు మూడో వంతు మందికి గట్టి బెంగ ఉన్నట్లు తేలింది. నూటికి ఎనభై మందికి పైగా ముందుగా తెలుసుకోవడాన్నే ఇష్టపడ్డారు. చదువుకున్న దేశంలోనే ఇలా ఉంటే మన సంగతి చెప్పనక్కర లేదు. మన దగ్గర కాగితం మీద టిక్కు పెట్టమనడం కుదరదు. చదువు రానివారికి ఐదు వేళ్లు చూపి అడిగితే సరిపోతుంది. ఒక వేలంటే బెంగ లేదు, ఐదు వేళ్లంటే గుండె దడదడలాడుతున్నదని చెప్పవచ్చు. దీనికి ఐదు నిమిషాలు చాలు.

వేలిముద్ర ఎవరిది? మాట ఎవరిది?

ఆపరేషన్‌కు ముందు సంతకం తీసుకోవడం అన్ని ఆస్పత్రుల్లో ఉన్నదే. ఆ కాగితంలో ఏముందో తెలిసి సంతకం పెట్టేవారు ఎందరు? తాండూరు ప్రాంతంలో తెలుగుతో పాటు ఉర్దూ, కన్నడం ఇంటి భాషలుగా ఉన్న కుటుంబాలు ఉన్నాయి. తండాల్లో పెద్దవారికి లంబాడీ భాషలోనే మనసులో మాట వస్తుంది. చదివి వినిపించనిదే ఇంగ్లీషు కాగితమైనా తెలుగు కాగితమైనా వారికి ఒక్కటే.

పైగా సంతకం రోగి చేత గాక, భర్త చేతనో కొడుకు చేతనో తీసుకొని సరిపెట్టే అలవాటు ఉంది. దీనిపై 2008 జనవరిలో సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో స్పష్టమైన తీర్పు ఇచ్చింది. ఢిల్లీలో ఒక మహిళకు లోపల పరీక్ష చేయడానికని మత్తు ఇచ్చి, ఆమె స్పృహలో లేనప్పుడు తల్లి ఒప్పుకొన్నదని గర్భసంచి, అండాశయాలు తీసివేశారు. యుక్తవయస్కురాలైన రోగి బదులు తల్లి సమ్మతి చెల్లదని, పరీక్షకు ఇచ్చిన సమ్మతి ఆపరేషన్‌కు వర్తించదని కోర్టు చెప్పింది. ప్రాణాపాయ స్థితి అయితే వేరు. చికిత్స ఎలాంటిది, ఎందుకు, వేరే మార్గం ఉందా, ప్రమాదాలేమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది అన్నవి రోగికి తెలిపిన తరువాతే సమ్మతి తీసుకోవాలని కూడా ఆదేశించింది.

గర్భసంచి ఆపరేషన్ల విషయంలో ఈ తీర్పు మన ఆడవారికి ఎంతో అవసరం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో నూటికి ఎనిమిది మందికి పైగా గర్భసంచి తీయించుకొని ఉన్నారు. దేశం మొత్తం మీద ఇది నూటికి ముగ్గురే. తెల్లబట్ట అవుతున్నదనో, నెలసరి ఎక్కువగా ఉందనో పోతే, 'ఉంచితే క్యాన్సర్ అవుతుంది' అన్న ఒక్క మాటతో ఒప్పించే వారున్నారు. చాలా సందర్భాల్లో మందులతో తగ్గించవచ్చునని, చిన్న వయసులో అండాశయాలు కూడా తీసివేస్తే ఎముకలు త్వరగా బలహీనపడతాయని చెప్పేవారు తక్కువ. అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల మీద 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు ఆదేశాలు ఇవ్వవలసి వచ్చింది. కాన్పుల సంగతీ అంతే. అదే సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్ ద్వారానే జరిగాయి. దేశంలో ఇది 21.5 శాతం.

ఇక్కడ ఒక మాట గమనించాలి. ఆడవారి భయం రెండు విధాల పనిచేస్తున్నది. అవసరమైన ఆపరేషన్‌ను అది వాయిదా వేయిస్తుంది. అవసరం లేని ఆపరేషన్‌ను అదే చేయిస్తుంది. రెండింటికీ మందు ఒక్కటే, సరైన సమాచారం.

ఇబ్రహీంపట్నం పాఠం

2022 ఆగస్టు 25న పొరుగున రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆస్పత్రిలో ఒకేరోజు 34 మంది మహిళలకు కు.ని. ఆపరేషన్లు జరిగాయి. వారిలో నలుగురు చనిపోయారు. తక్కినవారిని హైదరాబాద్ ఆస్పత్రులకు తరలించి చికిత్స చేశారు. వికారాబాద్ ప్రాంతం 2016 దాకా రంగారెడ్డి జిల్లాలోదే కనుక ఈ వార్త ఇక్కడి పల్లెల్లో ఇంటింటా మాట్లాడుకొన్నారు. కు.ని. పేరెత్తితే అత్తలు, కోడళ్లు ఇద్దరూ జంకే పరిస్థితి వచ్చింది.

ఆ జంకు సహేతుకమే. 'ఏం కాదు పో' అన్న మాటతో అది పోదు. ఇక్కడ రోజుకు ఎందరికి చేస్తారు, పనిముట్లు ఎలా శుద్ధి చేస్తారు, జ్వరం గాని కడుపునొప్పి గాని వాంతులు గాని వస్తే ఏ రాత్రయినా ఎవరికి ఫోన్ చేయాలి అన్న వాటికి జవాబు దొరికితేనే పోతుంది. మగవారికి చేసే వేసెక్టమీ ఇంతకంటే తేలికైన ఆపరేషన్ అన్న సంగతి కూడా దంపతులకు చెప్పాలి. నిజానికి 2016 సెప్టెంబరులో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు కు.ని. శిబిరాల పద్ధతిని మూడేళ్లలో మాన్పించాలని చెప్పింది. వివరాల పత్రం స్థానిక భాషలో ఉండాలని, అంతా వివరించిన తరువాత మనసు మార్చుకోవడానికి వీలుగా రోగికి సుమారు గంట వ్యవధి ఇవ్వాలని కూడా చెప్పింది. ఈ గంట సంగతి మన ఆడవారిలో ఎందరికి తెలుసు?

డాక్టర్ల ఇబ్బందులు

డాక్టర్ల వైపు నుంచి కూడా చూడాలి. ఓ.పి. ముందు వరుస, వార్డులో వరుస, థియేటరు దగ్గర వరుస. గ్రామీణ ప్రాంత ఆస్పత్రులకు మత్తు డాక్టర్ల కొరత దేశమంతటా ఉన్నదే. ఒక్కొక్క రోగి దగ్గర అరగంట కూర్చోవడం వారికి సాధ్యమయ్యే పని కాదు. అంతా విడమరిచి చెబితే రోగి భయపడి లేచిపోతాడన్న అనుమానమూ కొందరిలో ఉంది.

కాని ఆరు ప్రశ్నలు అడగడానికి డాక్టరే అక్కరలేదు. స్టాఫ్ నర్సు అడగవచ్చు. ఆరోగ్యశ్రీ ఆస్పత్రుల్లో ఆరోగ్యమిత్రలు అడగవచ్చు. రోగితో పాటు ఊరి నుంచి వచ్చే ఆశా కార్యకర్తకు రోగి భాష తెలుసు, ఇల్లు తెలుసు, అలవాట్లు తెలుసు. వికారాబాద్ వైద్య కళాశాల విద్యార్థులకు ఇది పాఠంగా కూడా పనికివస్తుంది. ఎక్కువ బెంగ ఉన్నవారి పేర్లు మాత్రం డాక్టరుకు అందజేస్తే, ఆయనకున్న కొద్ది సమయం అవసరమైన వారికే దక్కుతుంది. ఈ విధంగా చూస్తే పని పెరగదు, తగ్గుతుంది.

అడగవలసినవి

ఆస్పత్రులు ఏర్పాటు చేసేదాకా ఊరుకోవలసిన పని లేదు. రోగి గాని, వెంట ఉన్నవారు గాని ఈ ప్రశ్నలు చీటీ మీద రాసుకొని పోయి అడగవచ్చు:

- ఈ ఆపరేషన్ ఎందుకు? మందులతో తగ్గదా? కొన్నాళ్లు ఆగితే ఏమవుతుంది?
- ఏ భాగం తీస్తారు, ఏది ఉంచుతారు?
- పూర్తి మత్తా, నడుము సూదా, అక్కడికక్కడే మత్తా?
- తిండి, నీళ్లు ఎప్పటి నుంచి మానాలి? రోజూ వాడే బి.పి., షుగరు మాత్రలు వేసుకోవాలా, మానాలా?
- నొప్పి ఎన్నాళ్లుంటుంది? బరువు పని ఎప్పటి నుంచి చేయవచ్చు?
- ఇంటికి పోయాక ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి? ఏ నంబరుకు ఫోన్ చేయాలి?

ఈ ప్రశ్నలు అడగడం డాక్టరును అవమానించడం కాదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించగా 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ ప్రజల ముందు ఉంచిన రోగుల హక్కుల పత్రంలో సమాచారం పొందడం, మరొక డాక్టరు సలహా తీసుకోవడం రెండూ హక్కులుగానే ఉన్నాయి.

వికారాబాద్, తాండూరు ఆస్పత్రుల్లో ఆపరేషన్ ముందురోజు సాయంత్రం ఒక గంటను దీనికి కేటాయించి, తెలుగు, ఉర్దూ, కన్నడం, లంబాడీ తెలిసిన వారిని వార్డులో కూర్చోబెడితే పైసా ఖర్చు లేకుండా ఎంతో మేలు జరుగుతుంది. జిల్లా వైద్యాధికారులు ఈ విషయమై శ్రద్ధ వహించవలసిన అవసరం ఎంతైనా ఉంది. "సూదేస్తే మళ్ల లేస్తనా?" అన్న ప్రశ్న టీ కొట్టు ముందు గాక డాక్టరు ముందు వినిపించిన నాడే ఈ జిల్లాకు వైద్యం నిజంగా దగ్గరైనట్లు.